భయం కథల వైపు మనసు పోనివారికి హాలోవీన్ పుస్తకాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

అక్టోబరు రాగానే అమెరికాలోని గ్రంథాలయాలూ పుస్తకాల దుకాణాలూ గుమ్మం దగ్గరి బల్లను దెయ్యాల కథలతో నింపేస్తాయి. ఆ నెల 31న వచ్చే, పిల్లలు దెయ్యాల వేషాలు వేసుకునే హాలోవీన్ పండుగ కోసమే ఈ సన్నాహమంతా. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో పిల్లలు ఆ పుస్తకాలను బడి నుంచి ఉత్సాహంగా ఇంటికి తెచ్చుకుంటారు, పెద్దలు మాత్రం ఆ బల్ల వైపు చూడకుండా లోపలికి నడుస్తారు. నేనూ అలా నడిచినదాన్నే. రక్తపాతం చదవలేను, ఉలిక్కిపడటంలో నాకు ఏ ఆనందమూ లేదు. అయినా ఈ సాహిత్యంలోని కొన్ని పుస్తకాలు నాకు చాలా ఆప్తమయ్యాయి. నాలాంటి పాఠకులు తరచుగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. ముగింపులను వీలైనంతవరకు బయటపెట్టలేదు.

రక్తపాతం, హింస పడనివారు అసలు ఈ పుస్తకాల జోలికి వెళ్లడం దేనికి?

రక్తపాతం పడనివారికే ఇందులోని ఉత్తమ రచనలు ఎక్కువగా నచ్చుతాయని నా గట్టి నమ్మకం. మంచి దెయ్యం కథ రాసినవారు భయపెట్టేదాన్ని మన కళ్ల ముందు నిలబెట్టరు. అది తలుపు అవతలే ఉండిపోతుంది, లేదా అడుగుల చప్పుడుగా వినిపించి ఆగిపోతుంది, మిగతాది పాఠకుడి ఊహ పూరించుకుంటుంది. ఇలాంటి కథను ఆస్వాదించడానికి మొండిధైర్యం అక్కర్లేదు, చిన్న సూచనను పట్టుకోగల సున్నితత్వం కావాలి. తెర మీద కత్తి కనబడితే కళ్లు మూసుకునేవారిలో ఆ సున్నితత్వం ఎక్కువగానే ఉంటుంది.

మరో కారణం కూడా ఉంది. ఈ కథల్లో చాలావాటికి అసలు విషయం దెయ్యం కాదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి దుఃఖం, ఇంటిల్లిపాదీ దాచిపెట్టిన తప్పు, ఏళ్ల తరబడి మంచం పట్టినవారికి చాకిరీ చేసిన మనిషి ఒంటరితనం వంటివి నేరుగా చెప్పడానికి నోరు రాని రోజుల్లో రచయితలు, ముఖ్యంగా రచయిత్రులు, వాటిని దెయ్యం కథల్లో పెట్టి చెప్పారు.

మొట్టమొదట ఏది చదవమంటారు?

నవలతో మొదలుపెట్టవద్దు. డబ్ల్యూ. డబ్ల్యూ. జేకబ్స్ 1902లో ప్రచురించిన 'ది మంకీస్ పా' అనే కథతో మొదలుపెట్టండి. అరగంటలో అయిపోతుంది. ఇంగ్లండులో ఒక చిన్న ఇంట్లో తండ్రి, తల్లి, ఎదిగిన కొడుకు ఉంటారు. ఇండియాలో సైనికుడిగా పనిచేసి వచ్చిన స్నేహితుడొకడు ఎండిపోయిన కోతిచెయ్యి ఒకటి చూపిస్తాడు. ఒక ఫకీరు మంత్రించిన ఆ చెయ్యి ముగ్గురు మనుషులకు తలా మూడు కోరికలు తీరుస్తుంది. విధిని మార్చబోయేవారికి దుఃఖమే మిగులుతుందని చూపడమే ఆ ఫకీరు ఉద్దేశం. తండ్రి 200 పౌండ్లు కోరుకుంటాడు. ఆ డబ్బు ఇంటికి వచ్చిన తీరు చదివాక మనసు చివుక్కుమంటుంది.

చివరి రెండు పేజీల్లో తలుపు మీద దబదబా శబ్దం వినిపిస్తుంది. తల్లి పరుగున వెళ్తుంది, పై గడియ అందక భర్తను పిలుస్తుంది, కుర్చీ లాక్కుని ఎక్కబోతుంది. భర్త చీకట్లో నేల మీద చేతులతో తడుముతూ ఆ కోతిచెయ్యి కోసం వెతుకుతుంటాడు. తలుపు బయట ఉన్నదేమిటో రచయిత ఒక్క మాటలో కూడా వర్ణించడు. ఇది నచ్చితే ముందుకు వెళ్లండి. నచ్చకపోయినా అరగంటకు మించి పోయేదేమీ లేదు.

దెయ్యం నిజంగా ఉందా, లేక పాత్ర భ్రమా అన్నది తేలని పుస్తకాలు చాలా గొప్పవని విన్నాను. అవి ఏవి?

ఈ కోవలో మూడు పుస్తకాలను తప్పకుండా చెప్పాలి.

మొదటిది షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ 1892లో ప్రచురించిన 'ది యెల్లో వాల్‌పేపర్'. ఇదీ కథే. ప్రసవం తరువాత కుంగిపోయిన ఒక యువతిని వైద్యుడైన భర్త ఒక అద్దె ఇంటి పైగదిలో ఉంచి, ఏ పనీ చేయకూడదని, రాయనే కూడదని కట్టడి చేస్తాడు. ఆమె దొంగచాటుగా రాసుకున్న రాతలే ఈ కథ. ఆ గది గోడకు అంటించిన పసుపుపచ్చ కాగితం మీది డిజైనును చూస్తూ చూస్తూ, దాని వెనక ఒక స్త్రీ పాకుతున్నట్టు ఆమెకు కనబడటం మొదలవుతుంది. ఆ రోజుల్లో ప్రఖ్యాతి పొందిన ఒక నరాల వైద్యుడు గిల్మన్‌కు స్వయంగా ఇలాంటి విశ్రాంతి చికిత్సే సూచించాడు. బాలింతను ఒంటరిగా గదిలో ఉంచి, "నీకేం తెలుసు, ఊరుకో" అనడం మన ఇళ్లలోనూ ఉన్నదే కాబట్టి తెలుగు పాఠకులకు ఇందులో పరాయితనం కనిపించదు.

రెండోది హెన్రీ జేమ్స్ 1898లో రాసిన 'ది టర్న్ ఆఫ్ ది స్క్రూ'. పల్లెలోని పెద్ద భవంతిలో ఇద్దరు అనాథ పిల్లలను చూసుకోవడానికి కుదిరిన ఒక యువతికి, చనిపోయిన ఇద్దరు పాత నౌకర్లు కనిపిస్తుంటారు. వాళ్లు పిల్లల కోసమే వచ్చారని ఆమె నమ్ముతుంది. 1934లో ఎడ్మండ్ విల్సన్ అనే విమర్శకుడు ఆ దెయ్యాలు ఆమె మనసు కల్పించుకున్నవేనని ఒక వ్యాసంలో వాదించినప్పటి నుంచి ఆ చర్చ సాగుతూనే ఉంది. ఇందులోని వాక్యాలు పొడవైనవి, మెలికలు తిరిగినవి. ఇంగ్లీషు గద్యం చదివే అలవాటు తక్కువగా ఉన్నవారు దీన్ని కొంతకాలం పక్కన ఉంచడం మంచిది.

మూడోది, నాకు అన్నింటికన్నా ఇష్టమైనది, షిర్లీ జాక్సన్ 1959లో రాసిన 'ది హాంటింగ్ ఆఫ్ హిల్ హౌస్'. ఎలియనర్‌కు 32 ఏళ్లు. పదకొండేళ్లు రోగిష్టి తల్లికి సేవ చేసింది, తల్లి పోయాక అక్కాబావల ఇంట్లో ఒదిగి ఉంటోంది. దెయ్యాల కొంపగా పేరుపడిన ఇంటిని పరిశోధిస్తున్న ఒక ఆచార్యుడి నుంచి ఆహ్వానం రాగానే, అక్క వద్దన్నా కారు తీసుకుని బయలుదేరుతుంది. జీవితంలో మొదటిసారి తననొకరు పిలిచారన్న సంతోషం ఆమెది. ఆ ప్రయాణంలో దారిపక్కన కనిపించిన ప్రతి ఇంటిలోనూ తాను ఉన్నట్టు ఊహించుకుంటుంది. ఆ పేజీలు చదివినప్పుడు ఆమె మీద కలిగే జాలి పుస్తకం చివరి దాకా వదలదు.

ఇందులో ఒక రాత్రి సంఘటన గురించి చెప్పి తీరాలి. పక్కగదిలోంచి ఒక బిడ్డ ఏడుపు వినిపిస్తుంటుంది. చీకట్లో ఎలియనర్ తన స్నేహితురాలి చెయ్యి గట్టిగా పట్టుకుని, ఎముకలు చేతికి తగిలేంతగా పట్టుకుని, ధైర్యం తెచ్చుకుంటుంది. దీపం వెలిగేసరికి స్నేహితురాలు గదికి అవతలి వైపు మంచం మీద అప్పుడే నిద్రలేచి కూర్చుంటోంది. అంతవరకూ తాను పట్టుకున్నది ఎవరి చెయ్యి అన్నదే ఎలియనర్ ప్రశ్న. రచయిత్రి దానికి జవాబు చెప్పదు. ఒక్క రక్తపు చుక్క లేకుండా, ఒక్క ఆకారం చూపించకుండా ఇంత చేయగలగడం సాహిత్యంలో అరుదు.

డ్రాక్యులా, ఫ్రాంకెన్‌స్టైన్ సినిమాలు చూశాం. ఇంకా పుస్తకాలు చదవాలా?

తప్పకుండా చదవాలి, ముఖ్యంగా 'ఫ్రాంకెన్‌స్టైన్' చదవాలి. సినిమాల వల్ల జనంలో స్థిరపడినది మెడకు ఇరువైపులా బోల్టులున్న, మాట రాని ఒక భారీకాయం. ఫ్రాంకెన్‌స్టైన్ అనేది ఆ ప్రాణి పేరని కూడా చాలామంది అనుకుంటారు. అది దాన్ని సృష్టించిన విద్యార్థి పేరు, ఆ ప్రాణికి పుస్తకంలో పేరే లేదు. ఆ ప్రాణి పుస్తకంలో పండితుడిలా మాట్లాడుతుంది. సృష్టించినవాడు మొదటి రాత్రే వదిలేసి పారిపోతే, అడవిలో తిరిగి తిరిగి ఒక పేద కుటుంబం ఉంటున్న ఇంటిని ఆనుకున్న చిన్న పాకలో దాక్కుంటుంది. గోడ సందులోంచి వాళ్లను చూస్తూ, వాళ్ల మాటలు వింటూ భాష నేర్చుకుంటుంది. వాళ్ల కష్టం చూడలేక రాత్రిపూట అడవిలో కట్టెలు కొట్టి తెచ్చి గుమ్మంలో పెడుతుంది. తెల్లారి తలుపు తీసిన పిల్ల ఆ కట్టెల మోపు చూసి ఆశ్చర్యపోవడం చూసి మురిసిపోతుంది. చివరికి ఇంట్లో చూపులేని ముసలాయన ఒక్కడే ఉన్న సమయం చూసుకుని లోపలికి వెళ్లి మాట కలుపుతుంది. ఆ పెద్దాయన ఆదరంగానే మాట్లాడతాడు. ఇంతలో కళ్లున్నవాళ్లు ఇంటికి వస్తారు. ఆ తరువాతి భాగం చదువుతున్నప్పుడు నాకు భయం కాదు, ఏడుపు వచ్చింది.

దీన్ని రాయడం మొదలుపెట్టేనాటికి మేరీ షెల్లీ వయసు 18. ఇండోనేషియాలోని తంబోరా అగ్నిపర్వతం 1815 ఏప్రిల్‌లో పేలిన ప్రభావంతో 1816లో యూరప్‌కు సరైన వేసవి రాలేదు. జెనీవా సరస్సు ఒడ్డున వానలకు ఇంట్లో చిక్కుకుపోయిన మిత్రబృందంలో కవి బైరన్ తలా ఒక దెయ్యం కథ రాద్దామన్నాడు. పుస్తకం 1818లో రచయిత్రి పేరు లేకుండా వచ్చింది. దానికి ముందు జరిగినది కూడా తెలుసుకోవాలి. 1815లో మేరీకి నెలలు నిండకుండా పుట్టిన పాప కొద్దిరోజులకే చనిపోయింది. చలికి కొయ్యబారిన బిడ్డను నిప్పుల దగ్గర ఒళ్లు రుద్దితే మళ్లీ ప్రాణం వచ్చినట్టు కల వచ్చిందని ఆమె తన డైరీలో రాసుకుంది. ప్రాణం లేని శరీరానికి ప్రాణం పోసే కథ ఆ కన్నతల్లి చేతి నుంచి వచ్చిందని తెలిశాక దాన్ని కేవలం భూతం కథగా చూడటం నావల్ల కాలేదు.

బ్రామ్ స్టోకర్ 1897లో రాసిన 'డ్రాక్యులా' మొదటి నాలుగు అధ్యాయాలు అద్భుతం. ఇంగ్లండు నుంచి పనిమీద వెళ్లిన యువ న్యాయవాది రాసుకున్న డైరీ అది. కొండ మీది కోటలో ఎంతకీ నౌకర్లు కనబడరు. ఒకరోజు తలుపు సందులోంచి చూస్తే, కోట యజమాని అయిన ప్రభువు తానే స్వయంగా భోజనాల బల్ల సర్దుతుంటాడు. ఈ కోటలో తామిద్దరే ఉన్నారని ఆ యువకుడికి అప్పుడు అర్థమవుతుంది. కోరలకన్నా ఈ చిన్న విషయమే నన్ను ఎక్కువగా కలవరపెట్టింది. పుస్తకం నడుమ భాగం సాగదీసినట్టు ఉంటుందని ముందే చెప్పడం న్యాయం. అంత ఓపిక లేనివారు ఐర్లండ్ రచయిత షెరిడాన్ లె ఫాను రాసిన 'కార్మిల్లా' చదవవచ్చు. 1872 నాటికే పూర్తయిన ఈ చిన్న నవల రక్తపిశాచాన్ని డ్రాక్యులాకన్నా పాతికేళ్ల ముందే, స్నేహంగా ఇంట్లోకి వచ్చిన ఒక అందమైన యువతి రూపంలో చూపింది.

దెయ్యాలే వద్దు, పండుగ వాతావరణం ఉంటే చాలు అనేవారికి ఏదైనా ఉందా?

అగాథా క్రిస్టీ 1969లో రాసిన 'హాలోవీన్ పార్టీ' ఉంది. నీళ్ల తొట్టిలో తేలే ఆపిల్ పళ్లను నోటితో అందుకునే ఆట, చీపురుకట్టల పోటీ, పిల్లల కోలాహలం అన్నీ ఇందులో ఉంటాయి. తాను ఒకప్పుడు ఒక హత్య చూశానని పదమూడేళ్ల పిల్ల అనడం, ఆ రాత్రే ఆ పిల్ల హత్యకు గురికావడం, క్రిస్టీ నవలల్లోని డిటెక్టివ్ పాయిరో రావడం వరసగా జరుగుతాయి. ఇది పూర్తిగా అపరాధ పరిశోధన నవల. పిల్లలకు హాని జరిగే కథలు చదవలేనివారు మాత్రం వదిలేయాలి.

వాషింగ్టన్ ఇర్వింగ్ 1820లో ప్రచురించిన 'ది లెజెండ్ ఆఫ్ స్లీపీ హాలో' కూడా హాయిగా ఉంటుంది. తల లేని గుర్రపు రౌతు కథ అది. హాలోవీన్‌కు గుర్తుగా నిలిచిన గుమ్మడికాయ అందులో ఉన్నా, ఆ పండుగ ప్రస్తావన మాత్రం లేదు. న్యూయార్క్ దగ్గరి డచ్చివారి పల్లెల్లో శరదృతువు, పంట ఇంటికొచ్చిన రైతు ఇంటి విందు బల్ల, దాన్ని ఆబగా చూసే బడిపంతులు అందులో కళ్లకు కట్టినట్టు ఉంటారు.

పిల్లలకు ఏవి ఇవ్వాలి?

బడికి వెళ్లే వయసు రానివారికి జూలియా డొనాల్డ్‌సన్ 2001లో రాసిన 'రూమ్ ఆన్ ది బ్రూమ్' చాలు. తన చీపురు మీద అడిగినవారికల్లా చోటిచ్చే మంచి మంత్రగత్తె కథ అది. చదివి వినిపించడానికి అనువైన అంత్యప్రాసలతో ఉంటుంది. ఎనిమిది, తొమ్మిదేళ్లవారికి 1979లో వచ్చిన 'బనిక్యులా' ఇవ్వండి. రాత్రిపూట కూరగాయల రసం పీల్చేసి వాటిని తెల్లగా పాలిపోయేట్టు చేసే కుందేలు గురించి ఆ ఇంటి కుక్క చెప్పే కథ ఇది. శాకాహారుల ఇళ్ల పిల్లలు దీన్ని మరీ ఇష్టపడతారు.

పది దాటినవారికి రే బ్రాడ్‌బరీ 1972లో రాసిన 'ది హాలోవీన్ ట్రీ' మంచిది. తప్పిపోయిన స్నేహితుడిని వెతుకుతూ కొందరు పిల్లలు ప్రాచీన ఈజిప్టు నుంచి మెక్సికో దాకా కాలంలో ప్రయాణిస్తూ, చనిపోయినవారిని ఏయే జాతులు ఎలా తలచుకున్నాయో తెలుసుకుంటారు. ఇంట్లో తద్దినాలూ మహాలయ పక్షమూ చూసిన పిల్లలకు ఈ పుస్తకం చదివాక తాతమ్మలతో మాట్లాడుకోవడానికి ఎంతో ఉంటుంది. 1981లో వచ్చిన 'స్కేరీ స్టోరీస్ టు టెల్ ఇన్ ది డార్క్' విషయంలో జాగ్రత్త అవసరం. కథలు చిన్నవే, కానీ పాత ముద్రణలోని బొమ్మలు పెద్దలను సైతం వెంటాడతాయి. 1990లలో అమెరికా గ్రంథాలయాల్లో అత్యధిక అభ్యంతరాలు వచ్చిన పుస్తకాల జాబితాలో ఈ వరసదే మొదటి స్థానం. నిషేధించమని నేను అనను. పిల్లలకు ఇచ్చే ముందు బొమ్మలు ఒకసారి మీరు చూడండి.

మన దేశపు కథలేవీ లేవా?

ఉన్నాయి, మొదట చెప్పవలసినది రవీంద్రనాథ్ ఠాగూర్ 1895లో రాసిన 'క్షుధిత పాషాణ్'. ఇంగ్లీషులో 'హంగ్రీ స్టోన్స్' పేరుతో దొరుకుతుంది. కథ చెప్పే వ్యక్తి హైదరాబాదు నిజాం కొలువులో చేరి, బరీచ్ అనే ఊళ్లో పత్తి సుంకం వసూలు చేసే ఉద్యోగానికి వెళ్తాడు. నది ఒడ్డున పాడుబడిన పాలరాతి మహలులో బస చేస్తాడు. సాయంత్రం మెట్ల మీద కూర్చుంటే, స్నానానికి పరుగెత్తే అమ్మాయిల అడుగుల సవ్వడి తన పక్కనుంచి నదిలోకి దిగిపోయినట్టు వినిపిస్తుంది, కంటికి మాత్రం ఎవరూ కనబడరు. పగలు లెక్కల పుస్తకాలు, రాత్రి ఆ మహలు మాయ. రోజూ తెల్లవారగానే ఒక పిచ్చివాడు మహలు చుట్టూ తిరుగుతూ "దూరంగా పోండి, అంతా అబద్ధం" అని అరుస్తుంటాడు. ఠాగూర్ పదిహేడేళ్ల వయసులో అహ్మదాబాదులో అన్నగారు ఉంటున్న పాత మొగలాయీ మహలులో గడిపిన రోజులే ఈ కథకు బీజం. భయాన్ని ఇంత అందంగా రాసినవారు తక్కువ.

చందమామ చదివి పెరిగినవారికి భేతాళుడిని గుర్తుచేయనక్కరలేదు. ఆ కథలకు మూలమైన పాతిక కథలను 11వ శతాబ్దపు కశ్మీర కవి సోమదేవుడు 'కథాసరిత్సాగరం'లో చేర్చాడు. శ్మశానం, చెట్టుకు వేలాడే శవం, దాన్ని భుజాన మోస్తున్న రాజు అన్నీ భయం గొలిపేవే. అయినా కథ నడిచేది ధర్మసందేహం మీద. ఈ మూలకథలను పెద్దయ్యాక మళ్లీ చదవమని నా సలహా, అందులో చందమామలో కనిపించని కటుత్వం ఉంది.

వేటికి దూరంగా ఉండమంటారు?

స్టీఫెన్ కింగ్ 1983లో ప్రచురించిన 'పెట్ సెమెటరీ' చాలా శక్తిమంతమైన నవల, అందుకే వద్దంటున్నాను. పసిబిడ్డ మరణాన్ని అది ఏ అడ్డూ లేకుండా చూపుతుంది. రచయితే దాన్ని రాసి, మరీ చీకటిగా ఉందని కొంతకాలం పక్కన పెట్టాడు. తెలుగులో యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' విషయంలోనూ నాది ఇదే మాట. పేజీ తిప్పించే నేర్పు అందులో పుష్కలంగా ఉన్నా, చిన్నపిల్ల మీద చేతబడి ప్రయోగించే కథను మనసు బలంగా లేని రోజుల్లో చదవకూడదు.

రాత్రి చదివితే నిద్ర పట్టదని భయం. ఏం చేయాలి?

పగలు చదవండి. కొత్త పుస్తకమైతే అందులో పిల్లలకు, జంతువులకు హాని ఉందేమో ముందే చదివినవారిని అడిగి తెలుసుకోండి, ముగింపు తెలిసిపోయినా నష్టం లేదు. నడుమ ఆపేయాలనిపిస్తే ఆపేయండి.

వీటిని అక్టోబరులోనే చదవాలా?

అలాంటి నియమమేదీ లేదు. బ్రిటన్‌లో దెయ్యం కథలకు అసలు రుతువు క్రిస్మస్. డికెన్స్ 1843లో రాసిన 'ఎ క్రిస్మస్ కేరల్' దెయ్యాల కథే. 'ది టర్న్ ఆఫ్ ది స్క్రూ' మొదలయ్యేది క్రిస్మస్ రాత్రులలో నెగడు చుట్టూ కథలు చెప్పుకునే బృందంతోనే. కేంబ్రిడ్జి కింగ్స్ కాలేజీలో పనిచేసిన పండితుడు ఎం. ఆర్. జేమ్స్ ఏటా క్రిస్మస్‌కు ఒక కథ రాసి మిత్రులకు చదివి వినిపించేవాడు, అవే 1904లో పుస్తకంగా వచ్చాయి. అందులో సముద్రతీరపు శిథిలాల్లో దొరికిన ఒక ఈలను ఊదిన ఆచార్యుడి కథ ఒక్కటి చదివితే, వాడని మంచం మీది దుప్పటి కూడా ఎంత కలవరపెట్టగలదో తెలుస్తుంది.

వీటికి డబ్బు పెట్టాలా?

జాక్సన్, క్రిస్టీ, బ్రాడ్‌బరీ, కింగ్, యండమూరి పుస్తకాలూ చిన్నపిల్లల పుస్తకాలూ కొనుక్కోవాలి, లేదా గ్రంథాలయం నుంచి తెచ్చుకోవాలి. ఇక్కడ చెప్పిన 19వ శతాబ్దపు ఇంగ్లీషు రచనలన్నీ ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అనే వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. జేకబ్స్, ఎం. ఆర్. జేమ్స్ కథలు కూడా అక్కడే ఉన్నాయి.

సాహిత్య విలువ ఉన్న పెద్ద నవల ఒకటి చెప్పండి.

టోనీ మారిసన్ 1987లో రాసిన 'బిలవెడ్'. పులిట్జర్ బహుమతి పొందిన ఈ నవలలో ఒక ఇంటిని పసిపాప ఆత్మ పట్టి పీడిస్తుంటుంది. 1856లో కెంటకీ నుంచి ఒహాయోకు పారిపోయి వచ్చిన మార్గరెట్ గార్నర్ అనే బానిస స్త్రీ, పట్టుబడే క్షణంలో తన బిడ్డను మళ్లీ బానిసత్వానికి అప్పగించలేక చంపుకున్న నిజ ఘటన దీనికి ఆధారం. ఈ జాబితాలో చదవడానికి అన్నింటికన్నా కష్టమైన పుస్తకం ఇదే. తీరిక, నెమ్మది ఉన్నప్పుడు చదవండి. తొందరపడితే కథాక్రమం అందదు.

ఈ ఏడాది ఒక్క పుస్తకమే చదువుతాను. ఏది?

షిర్లీ జాక్సన్ 1962లో రాసిన 'వి హ్యావ్ ఆల్వేస్ లివ్డ్ ఇన్ ది కాసిల్'. దెయ్యం లేదు, చిన్న పుస్తకం, రెండు మధ్యాహ్నాల్లో పూర్తవుతుంది. ఆరేళ్ల క్రితం భోజనాల బల్ల దగ్గర పంచదారలో కలిసిన విషానికి ఇంటివారిలో చాలామంది బలైపోగా, మిగిలిన అక్కాచెల్లెళ్లూ రోగిష్టి బాబాయీ ఊరికి దూరంగా ఆ పెద్ద ఇంట్లోనే ఉంటారు. పద్దెనిమిదేళ్ల చెల్లెలు మెరిక్యాట్ వారానికి రెండుసార్లు ఊళ్లోకి వెళ్లి గ్రంథాలయం పుస్తకాలూ సరుకులూ తెస్తుంది. మొదటి అధ్యాయమంతా ఆ నడకే. దుకాణంలో మాటలు ఆగిపోవడం, మగవాళ్ల వెకిలి పలకరింపులు, పిల్లలు వెంటపడి పాడే వెక్కిరింత పాట, వాటి మధ్య ఆ అమ్మాయి తల తిప్పకుండా సంచీ మోసుకుంటూ ఇంటి గేటు దాకా రావడం ఉంటాయి. ఆ అధ్యాయం చదివాక ఎవరిని చూసి భయపడాలో మీరే నిర్ణయించుకోండి, తరువాతి అధ్యాయాల్లో ఆ నిర్ణయాన్ని కనీసం రెండుసార్లు మార్చుకోవలసి వస్తుంది.